బ్యాటరీ ఎవరు మారుస్తారు?

సంపాదకులకు,

బిహార్‌లోని ధర్నయీ గ్రామాన్ని చూపించి పల్లెలకు సౌర విద్యుత్తు పనికిరాదని తేల్చిన గతవారం లేఖతో ఏకీభవించలేను. జెహానాబాద్ జిల్లాలోని ఆ ఊళ్లో 2014లో గ్రీన్‌పీస్ చొరవతో 100 కిలోవాట్ల మైక్రోగ్రిడ్ వెలిగిన మాటా నిజమే, కొన్నేళ్లకే మూలపడిన మాటా నిజమే. కానీ అక్కడ చేతులెత్తేసినవి బ్యాటరీలు. సౌర ఫలకం పాతికేళ్లు పనిచేస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ నాలుగైదేళ్లు నిలిస్తే గొప్ప. మట్టం తగ్గినప్పుడల్లా డిస్టిల్డ్ వాటర్ పోయాలి, టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి పొడి గీకాలి, ఆయువు తీరేసరికి కొత్తదానికి డబ్బు సిద్ధంగా ఉండాలి. ఈ లెక్క ముందే వేయకపోవడమే అసలు జబ్బు. రాజస్థాన్‌లో తిలోనియాలోని బేర్‌ఫుట్ కాలేజీ ఆ లెక్క వేసింది. చదువు రాని పల్లె మహిళలకే ఆరు నెలల్లో సర్క్యూట్లు అతకడం, రిపేర్లు చేయడం నేర్పింది. కిరోసిన్‌కు పెట్టే ఖర్చును బట్టి నెల చందాను ఊరి కమిటీయే ఖరారు చేసి, అందులోంచే మరమ్మతులు నడుపుతుంది.

గ్రిడ్ కరెంటు చవక కదా అంటారు. తీగలు చేరిన చోట చవకే, పొలం మోటారూ నడుస్తుంది. ధర్నయీ ప్రజలు దాన్నే కోరుకోవడంలో తప్పేమీ లేదు. అయితే కొండకొమ్మున పది గడపలున్న గూడేనికి స్తంభాలు మోసుకెళ్లడం ఎంత ఖర్చు! 2023 నవంబరులో మొదలైన కేంద్ర పథకం పీఎం జన్‌మన్‌లో తీగలు వేయలేని ఆదిమ తెగల ఇళ్లకు సౌర విద్యుత్తు ఇచ్చే ఏర్పాటుంది. మన అల్లూరి జిల్లా కొండల్లో అలాంటి పనులు చేపట్టేటప్పుడు గూడేనికి ఇద్దరు యువతులకైనా రిపేరు నేర్పాలి, విడిభాగాలు మండల కేంద్రంలో దొరకాలి, బ్యాటరీ మార్పిడి సొమ్మును టెండరులోనే చేర్చాలి.

— ఒక పాఠకురాలు, విశాఖపట్నం