‘పార్టీలకతీతం’ ఎవరి పక్షం?

సర్పంచి ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన బిజినేపల్లి చుట్టుపక్కల ఊళ్లలో ఒక మాట లేస్తుంది. “ఊరికి పార్టీలెందుకు? అందరం ఒక్కటే. పెద్దమనిషిని ఏకగ్రీవం చేసుకుందాం” అని. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు గనుక ఈ మాట న్యాయంగానే వినిపిస్తుంది. కైకిలి చేసుకుని బతికే మనవాళ్లు కూడా కొందరు “నిజమే గదా, పార్టీలొచ్చినంకనే ఊరు చెడ్డది” అని తలకాయ ఊపుతున్నారు. వారి కోసమే ఒక పాత సంగతి గుర్తు చేస్తున్నాం.

నిజాం రాజ్యంలో తెలుగువారి మొదటి పెద్ద వేదిక ఆంధ్ర మహాసభ. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి సభకు అధ్యక్షులు సురవరం ప్రతాపరెడ్డి. మన గద్వాల ప్రాంతంలోని ఇటికాలపాడులో పుట్టినవారు, 1926లో గోలకొండ పత్రిక పెట్టినవారు. అప్పటి మహాసభ ఏ పార్టీదీ కాదు. చదువులు, గ్రంథాలయాలు, సంఘ సంస్కరణ దాని పని. వకీలూ, వర్తకుడూ, దేశ్‌ముఖూ ఒకే పందిరి కింద కూర్చున్నారు. సభలో తెలుగు మాట్లాడితే గేలి చేసిన రోజుల్లో అది చిన్న పని కాదు. ఆ గౌరవం ఇవ్వవలసిందే.

కాని ఆ పందిట్లో వెట్టివాడు ఎక్కడున్నాడు? వెట్టి చేయించుకునేవాడూ, చేసేవాడూ ఒకే సభలో ఎంతకాలం ‘అందరం ఒక్కటే’ అనుకోగలరు?

1941 చిలుకూరు సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షులయ్యారు. కలిగిన కుటుంబంలో పుట్టి, 1938 స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహంలో పాల్గొని, తర్వాత కమ్యూనిస్టు అయిన మనిషి. 1944 భువనగిరి సభకూ ఆయనే అధ్యక్షులు. సభ్యత్వ రుసుం ఒక్క అణాకు తగ్గింది. అంటే జీతగాడు కూడా సభ్యుడు కావచ్చునన్నమాట. మితవాదులు వేరుపడిపోయారు. మిగిలిన మహాసభను పల్లె జనం ‘సంగం’ అని పిలుచుకున్నారు. వెట్టి మీదా, భూముల గుంజుకోలు మీదా కొట్లాడింది ఆ సంగమే.

1952లో తొలి సాధారణ ఎన్నికలు వచ్చాయి. ఒకే మహాసభకు అధ్యక్షత వహించిన ఈ ఇద్దరూ చెరో జెండా కింద నిలబడ్డారు. ప్రతాపరెడ్డి వనపర్తి నుంచి కాంగ్రెస్ తరఫున శాసనసభకు గెలిచారు. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ నిషేధంలో ఉన్నందున నారాయణరెడ్డి పీడీఎఫ్ పేరుతో నల్లగొండ నుంచి లోక్‌సభకు నిలబడి, నెహ్రూకు వచ్చినవాటికన్నా ఎక్కువ ఓట్లతో గెలిచారు. 175 స్థానాల శాసనసభలో కాంగ్రెసుకు 93, పీడీఎఫ్‌కు 42 వచ్చాయి.

పార్టీ పేరు మారింది గాని పక్షం మారలేదు. పోలీసు చర్య తర్వాత సాయుధ పోరాటం సాగించడంపై నారాయణరెడ్డి తన పార్టీతోనే విభేదించారు. అయినా ఊరి పెద్దమనిషిగా పక్కకు జరిగి కూర్చోలేదు. పార్టీలో ఉండే కొట్లాడారు. పార్టీలో ఉండడమంటే నోరు మూసుకోవడం కాదని మనం నేర్చుకోవలసింది ఇక్కడే.

మా తప్పు కూడా ఒప్పుకోవాలె. కూలిసంఘాన్ని ఎన్నికలప్పుడు జెండాలు మోయడానికి పిలిచి, కైకిలి రేటు కొట్లాట వచ్చినప్పుడు కనబడకపోయిన సందర్భాలు మాలోనూ ఉన్నాయి. “పార్టీలన్నీ ఒక్కటే” అన్న మాట కూలీ నోట వచ్చిందంటే అందులో మా పాలూ ఉంది. సంఘంలోకి ఏ పార్టీకి ఓటేసే కూలీ అయినా రావచ్చు. కాని సంఘానికి మాత్రం ఒక పక్షం ఉండి తీరాలె. అది కూలీ పక్షం.

అందుకే ఏకగ్రీవం మాట ఎత్తినవాణ్ని నలుగురిలో నిలబెట్టి అడగండి: నాట్లకు, కలుపుకు కైకిలి ఎంతిస్తావు? ఆడకూలీకి మగకూలీతో సమానంగా ఇస్తావా? ఉపాధి పని డబ్బులు ఆగితే మాతో ఆఫీసుకు వస్తావా? వలసపోయినవాళ్ల బాకీ గుంపుమేస్త్రి ఎగ్గొడితే ఎవరి దిక్కు మాట్లాడుతావు?

వీటికి జవాబు చెప్పినవాడు తన పక్షం చెప్పినట్టే. చెప్పకుండా నవ్వి ఊరుకున్నవాడూ చెప్పినట్టే.