ఇంటర్వ్యూ గది గడప దగ్గరే ఆగిపోతున్న చట్టం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల నుంచి ఏటా మన బిడ్డలు ఇంజనీరింగ్ పట్టాలు పట్టుకుని హైదరాబాదు బస్సు ఎక్కుతున్నారు. మెకానిక్కుల పిల్లలు, పండ్ల వ్యాపారుల పిల్లలు, దర్జీల పిల్లలు, రైసు మిల్లు కార్మికుల పిల్లలు వారిలో ఉన్నారు. 2007 నుంచి అమలులో ఉన్న నాలుగు శాతం బీసీ-ఇ రిజర్వేషన్, ఫీజు రీయింబర్స్‌మెంట్ కలిసి వీరిలో ఎందరినో కళాశాల గడప దాటించాయి. అయితే ఆ తరువాత వచ్చే ఇంటర్వ్యూ గదిలో ఏ రిజర్వేషనూ లేదు. మన సముదాయం ఇప్పుడు చర్చించవలసింది ఆ గది గురించే.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ఎంపిక ఎలా జరుగుతుందో ఇంటి పెద్దలు తెలుసుకోవడం అవసరం. మొదటి మెట్టు దరఖాస్తు. పెద్ద సంస్థలలో దీనిని తరచుగా కంప్యూటరే వడపోస్తుంది. రెండవది ఆన్‌లైన్ పరీక్ష. కెమెరా ముందు చూపు తిప్పకుండా కూర్చుని లెక్కలు, తర్కం, ఆంగ్లం, కోడింగ్ ప్రశ్నలకు సమాధానాలు ఇవ్వాలి. ఇరుకు ఇంట్లో, మాటిమాటికీ ఇంటర్నెట్ తెగిపోయే వీధిలో ఇదే పెద్ద పరీక్ష. మూడవ మెట్టు సాంకేతిక ఇంటర్వ్యూలు. ఇక్కడ ప్రోగ్రాం రాయడం ఒక్కటే చాలదు. ఆలోచన ఎలా సాగుతున్నదో పైకి చెప్పాలి, అదీ ఆంగ్లంలో. చివరిది హెచ్‌ఆర్ ఇంటర్వ్యూ. జీతం, ఊరు, షిఫ్టుల సంభాషణ కొన్నిసార్లు పనికి సంబంధం లేని చోటికి మళ్లుతుంది. ‘ఆఫీసుకు కూడా హిజాబ్‌తోనే వస్తారా?’, ‘పెళ్లయితే ఉద్యోగం మానేస్తారా?’, ‘శుక్రవారం మధ్యాహ్నం మీటింగులకు అందుబాటులో ఉంటారా?’ వంటి ప్రశ్నలు ఎదురైన అమ్మాయిలు, అబ్బాయిలు ఇంటికి వచ్చి అమ్మీకి కూడా చెప్పుకోలేక మౌనంగా ఉండిపోతున్నారు. ఆ తరువాత సంస్థ నుంచి ‘లేదు’ అన్న ఒక్క మాట కూడా రాదు.

ఇదంతా వివక్షేనా? ఆవేశం పక్కనపెట్టి ఆధారాలు చూద్దాం. సుఖదేవ్ థోరట్, పాల్ అట్టెవెల్ 2007లో ప్రచురించిన పరిశోధనలో సమాన అర్హతలున్న దరఖాస్తులను వేర్వేరు పేర్లతో ప్రైవేటు సంస్థలకు పంపారు. అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే ముస్లిం పేరున్న దరఖాస్తుకు పిలుపు వచ్చే అవకాశం దాదాపు మూడవ వంతేనని తేలింది. 2022లో లెడ్ బై ఫౌండేషన్ ఒకే అర్హతలతో ఒక హిందూ పేరు, ఒక ముస్లిం పేరు ఉన్న ఇద్దరు మహిళల దరఖాస్తులను వెయ్యి ఉద్యోగాలకు పంపింది. మొదటి పేరుకు 208 సానుకూల స్పందనలు వస్తే రెండవ పేరుకు వచ్చినవి 103.

మరో ఆధారాన్ని కూడా దాచకూడదు. ఢిల్లీ పరిసరాలలో 371 ఉద్యోగాలకు 3,160 దరఖాస్తులు పంపిన అభిజిత్ బెనర్జీ బృందం పరిశోధన 2009లో వెలువడింది. అందులో ముస్లిం పేర్ల పట్ల వివక్షకు ఆధారం కనిపించలేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలలో కుల వివక్షకూ ఆధారం దొరకలేదు. నైపుణ్యాన్ని నేరుగా కొలవగలిగిన చోట పేరు బరువు తగ్గుతుందన్న ఆశను ఇది కలిగిస్తున్నది. అయితే ఈ పరిశోధనలన్నీ పిలుపు వరకే ఆగాయి. గదిలోపల ఏం జరుగుతుందో అవి కొలవలేదు. కాబట్టి ప్రతి తిరస్కరణనూ వివక్ష అనడం ఎంత పొరపాటో, వివక్షే లేదనడం అంతకంటే పెద్ద పొరపాటు.

ఇక చట్టం సంగతి. రాజ్యాంగంలోని 16వ అధికరణ మతం కారణంగా వివక్ష చూపరాదని అంటున్నది ప్రభుత్వ ఉద్యోగాల విషయంలోనే. ప్రైవేటు నియామకాల జోలికి చట్టం రాలేదనే వాదన నిలవదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం, 2017 హెచ్‌ఐవీ చట్టం, 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం ప్రైవేటు సంస్థలలోకీ ప్రవేశించాయి. అవి రావడం న్యాయమే. మరి మతం పేరిట జరిగే వివక్ష దగ్గర మాత్రం చట్టం గుమ్మం బయటే ఎందుకు ఆగాలి? సమాన అవకాశాల కమిషన్ కావాలని 2006లో సచార్ కమిటీ చెప్పింది. 2008లో మాధవ మీనన్ నాయకత్వంలోని నిపుణుల బృందం ముసాయిదా కూడా ఇచ్చింది. అది నేటికీ చట్టం కాలేదు.

పార్లమెంటు కదిలేదాకా రాష్ట్రం చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. సూర్యాపేటలో 2023లో ఐటీ హబ్ ప్రారంభమైంది. ప్రభుత్వ భవనాలు, భూములు, రాయితీలు పొందే సంస్థలకు మూడు షరతులు పెట్టాలని మేము కోరుతున్నాము. తొలి వడపోతలో పేరు, ఫొటో కనిపించరాదు. మతం, పెళ్లి, దుస్తుల గురించి ప్రశ్నలు అడగరాదు. ఇంటర్వ్యూకు పిలిచిన ప్రతి అభ్యర్థికీ ఫలితం రాతపూర్వకంగా తెలపాలి.

మనం చేయవలసిన పని కూడా ఉంది. ప్రతి పట్టణంలో మసీదు కమిటీ ఒక నిశ్శబ్దమైన గదిని, ఇన్వర్టరును, మంచి ఇంటర్నెట్‌ను సమకూర్చి ఆన్‌లైన్ పరీక్షలు రాసే పిల్లలకు మతభేదం లేకుండా తెరిచి ఉంచవచ్చు. షాదీఖానా ఖాళీగా ఉండే ఆదివారాలలో నమూనా ఇంటర్వ్యూలు జరపవచ్చు. అమ్మాయిలకు అక్కడ సమాన స్థానం ఉండాలి. ఈ రంగంలో ఎన్నో ఉద్యోగాలు లోపలివారి సిఫారసుతో మొదలవుతాయి. హైదరాబాదు, బెంగళూరులలో స్థిరపడిన మన భాయీలు, బాజీలు ఊరి పిల్లల దరఖాస్తులను తమ సంస్థకు చేర్చడం ఒక బాధ్యతగా తీసుకోవాలి. డబ్బిస్తే బ్యాక్‌డోర్ ఉద్యోగం ఇప్పిస్తామనే దళారుల కోసం తల్లి నగలు తాకట్టు పెట్టవద్దు. ఆన్‌లైన్‌లో డబ్బు పంపి మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

యువతకు ఒక మాట. ఏ మెట్టు దగ్గర ఆగిపోయారో ప్రతిసారీ రాసిపెట్టుకోండి. పరీక్షలో ఆగితే సాధన పెంచండి. అనుచితమైన ప్రశ్న దగ్గర ఆగితే తేదీ, ప్రశ్న, అడిగినవారి హోదా నమోదు చేయండి. కన్నీటికి విచారణ సంఘాలు లేవు, నమోదైన సాక్ష్యానికి ఉన్నాయి. మూడు పట్టణాల నుంచి అలాంటి వంద కాగితాలు చేరిన రోజున, చట్టం అడగడానికి మనం ఖాళీ చేతులతో వెళ్లనక్కరలేదు.