పాత గొట్టానికి కొత్త పని

తుపాకుల గొడవ రైతుబిడ్డకెందుకు అంటారేమో! ఎన్.సి.సి. క్యాంపులో .22 రైఫిల్ పట్టుకున్నప్పుడు నాకు మా ఆయిల్ ఇంజనే గుర్తొచ్చింది.

ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల్లో బ్రిటిష్ వాళ్ళు అరిగిన .303 తుపాకి గొట్టాలన్నిటినీ తుక్కులో పారెయ్యలేదు. కొన్నిటిని లోపల వెడల్పుగా తొలిచి, .22 సన్నగొట్టం దూర్చి, శిక్షణ రైఫిళ్ళుగా మార్చారు. అచ్చం మన ఇంజనుకు స్లీవ్ వేసినట్టే!

మరి పాతవన్నీ ఇలాగే బాగుచేసి సైన్యానికి ఇవ్వొచ్చుగా? కుదరదు. .22 తూటా పుట్టించే ఒత్తిడి తక్కువ గనుక పాత గొట్టం భరించింది. 1962 చైనా యుద్ధం తర్వాత ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ ఆ పాత నమూనాలోనే 7.62 మిల్లీమీటర్ల రైఫిల్ తయారుచేసింది. దాని తూటా ఒత్తిడి ఎక్కువ. అందుకని పాతవాటిని తిరగెయ్యకుండా, మరింత గట్టి ఉక్కుతో కొత్తగా చేసింది.

ఈ తేడా తెలియక మేము నష్టపోయాం. అత్తిలి దగ్గర మా చేను కాలువకు చివర. పాత ఇంజనుకు స్లీవ్ మార్పించి పెద్ద పంపు తగిలించాం. సరిగ్గా నాట్ల వేళ పట్టేసి ఆగిపోయింది. "పాతది మోసం చేసిందిరా" అన్నారు నాన్నగారు. మోసం దానిది కాదు, లెక్క చూడని మనది.

మిత్రులారా! పాతదని పారెయ్యడం దుబారా. బాగుచేశాం కదా అని మొయ్యలేని బరువు పెట్టడం తెలివితక్కువ. కొలిచి చూసి, తగిన పని అప్పజెప్పాలి. మనం చదివే సైన్సు పొలానికి చేరేది అప్పుడే.