షిఫ్ట్ బస్సు ఎక్కే ముందు

మా పెద్దమ్మ కూతురు శ్రీసిటీలో ఓ ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. ఆ మధ్య వాళ్లింటికి వెళ్లినప్పుడు గమనించాను, డ్యూటీ ఉన్నరోజు పొద్దున ఏమీ తినదు. "డైటింగా అక్కా?" అని నవ్వాను. రాత్రి పక్కన పడుకున్నాక చెప్పింది.

"మే, ఎవురికీ చెప్పద్దు. కాన్పయినప్పట్నుంచీ దొడ్డికి ఆపుకోలేకపోతా ఉండా. బస్సులో ఏమైపోతాదో అని భయం."

బాబుకిప్పుడు మూడేళ్లు. ఇన్నాళ్లూ బావకి కూడా చెప్పలేదు! పేరు లేకుండా రాయమని తనే అంది కాబట్టి రాస్తున్నాను.

మలద్వారం చుట్టూ రెండు కండరాల ఉంగరాలుంటాయి. లోపలిది తనంతట తానే మూసుకుని ఉంటుంది. బయటిది మన అదుపులోది, "ఇప్పుడు కాదు" అని ఆపేది అదే. కాన్పు కష్టమై ఫోర్సెప్స్‌తో బిడ్డను తీస్తే ఇవి చిరిగే ప్రమాదం ఎక్కువ. ఆ చిరుగు అప్పుడే కనిపెట్టి కుట్టకపోతే అక్కలాంటి కష్టమే.

దీనికి వైద్యం ఉంది. ముందు తిండిలో మార్పులు, మందులు, ఆ కండరాలకు వ్యాయామం. తగ్గకపోతే అల్ట్రాసౌండ్‌లో చిరుగు చూసి, విడిపోయిన కొసల్ని ఒకదాని మీదొకటి వేసి కుడతారు, చొక్కా గుండీల పట్టీల్లాగా. చాలామందికి గుణం కనిపిస్తుంది, కానీ ఏళ్లు గడిచేకొద్దీ కొందరిలో మళ్లీ తగ్గుతుంది.

ఉంగరం అతకలేనంతగా పాడైతే? తొడ లోపలివైపున్న గ్రాసిలిస్ అనే సన్నటి కండరాన్ని తిప్పి మలద్వారం చుట్టూ చుడతారు. అది లేకున్నా నడకకు పెద్ద ఇబ్బంది ఉండదు. అమెరికాలో డాక్టర్ పిక్‌రెల్ బృందం పిల్లలకు చేసిన ఈ ఆపరేషన్ గురించి 1952లోనే రాసింది. చిక్కల్లా, తొడ కండరం తొందరగా అలసిపోతుంది. తర్వాత నెదర్లాండ్స్ డాక్టర్లు పేస్‌మేకర్ లాంటి పరికరంతో సన్నటి కరెంటు ఇస్తూ, ఎక్కువసేపు బిగిసి ఉండేలా దాన్ని అలవాటు చేశారు. ఇన్ఫెక్షన్ల బెడద ఉంది కాబట్టి ఇది అందరికీ చేసేది కాదు.

అక్కకి చిరుగు ఉందని స్కాన్‌లో తేలింది. ప్రస్తుతానికి వ్యాయామం, మందులు. ఆపరేషన్ సంగతి తర్వాత చెబుతామన్నారు. బావ కాసేపు మాట్లాడలేదు. "నాకెందుకు చెప్పలేదే?" అని మాత్రం అన్నాడు.

బాలింతను "పాలు పడ్డాయా?" అని ఊరంతా అడుగుతుంది. ఈ మాట కూడా ఒక్కరు అడగండి.