చేపల కాంట దగ్గర మనకెందుకు మొహమాటం?



మృగశిర కార్తె వస్తున్నదంటే మన మేడ్చల్, శామీర్‌పేట దిక్కు ఏ ఇంట్ల చూసినా చేపల ముచ్చటే. ఏటా జూన్ 7, 8 తారీఖుల్ల చేప తినాలె అని పెద్దలు పెట్టిన పద్ధతి. ఆ రెండు రోజులు ధర కూడా చెట్టెక్కి కూసుంటది. ఈ పోస్టు ధర గురించి కాదు. తూకం గురించి. ముందుగాల నా తప్పు నేనే చెప్పుకుంట.

పోయినేడు మృగశిరకు బిడ్డ, అల్లుడు వచ్చిన్రు. ఇంట్ల వండే ఓపిక లేక, రోడ్డు పక్క చేపలు వేయించి పెట్టే చోటికి తీసుకపోయిన. కిలో కొర్రమీను 500 అన్నడు. రెండు కిలోలు చాలు అన్న. తొట్టిలకెళ్లి చేపలు తీసి లోపలికి పట్టుకపోయిండు. వెయ్యి, పైన అన్నం రొట్టెలు అనుకున్న. బిల్లు 2,100 వచ్చింది. చేపలు 2.4 కిలోలు తూగినయంట, 1,200. వేయించిన కూలి కిలోకు 200 చొప్పున 480. అన్నం, రొట్టెలు 320. ఆ పైన సర్వీస్ ఛార్జి 100. వేయించిన కూలి వేరే అని ముందు ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు. కాంట మీద చేపను నేను చూడనే లేదు. అల్లుడు పక్కన కూసున్నడు, నోరు విప్పితే ఏమనుకుంటడో అని పైసలు కట్టి లేచిన.

ఇంటికొచ్చినంక మా ఆమె ఒక్క మాట అన్నది. "వడ్ల కాంట దగ్గర వంద గ్రాములకు కొట్లాడేటోనివి, ఇయ్యాల నోరు పడిపోయిందా?"

నిజమే గదా. 40 కిలోల సంచికి కిలోనో, రెండు కిలోలో తరుగు తీస్తే రోడ్డు మీద కూసుంటం. తీసినోనికి మనం పెట్టే పేరు దొంగ. అదే తరుగు చేపల దుకాణంల మన దగ్గర తీస్తే, పండుగ పూట ఎందుకులే అని ఊకుంటం. అమ్మేటప్పుడు ఉన్న కన్ను కొనేటప్పుడు ఎందుకు మూసుకుంటం?

ఒక మాట సాఫ్‌గ చెప్పాలె. ధర ఎక్కువ చెప్పుడు మోసం కాదు. విడిగా అమ్మే చేపకు ఎమ్మార్పీ లేదు. పెళ్లిళ్ల సీజన్ల మన టమాటకు, బంతిపూలకు ధర వస్తే మనం వద్దంటమా? మృగశిరకు చేప అమ్మేటోనికి కూడా అది ఏడాదికి ఒక్కనాటి గిరాకీ. నచ్చకుంటే నాలుగు రోజులు ఆగి కొందం. కానీ కిలో పైసలు తీసుకొని 900 గ్రాములు పెట్టుడు, చెప్పని ఖర్చు బిల్లుల కలుపుడు మాత్రం మోసమే. ఆ రెండింటి దగ్గర మొహమాటం పెట్టుకోవద్దు.

కొనేటప్పుడు చూడాల్సినవి మనకు తెలిసినవే, కాకపోతే చెయ్యం. చేప పెట్టకముందు కాంట మీద ఖాళీ టబ్బు పెట్టి జీరో చేయించాలె. కవర్ల నీళ్లు, ఐసు ఉంటే వంపించాలె. కిలో 500 ఉన్న చేపకు 100 గ్రాముల నీళ్లు పోతే 50 రూపాయలు నీళ్లకు పెట్టినట్టే. కరెంటు కాంటకు ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలె, ఆ కాగితం దుకాణంల కనబడాలె. అనుమానం ఉంటే సంచిల ఒక కిలో ఉప్పు ప్యాకెట్ పెట్టుకపోండ్రి. కాంట మీద పెడితే కిలో మీద ప్యాకెట్ బరువు నాలుగైదు గ్రాములు చూపియ్యాలె. 1,100 చూపిస్తే ఆ దుకాణానికి దండం పెట్టి బయటికి రాండ్రి.

ఇంకొకటి, చేపను కోయకముందు తూస్తున్నరా, కోసినంక తూస్తున్నరా అన్నది ముందే అడగండ్రి. పొలుసు, పొట్ట, తల పోతే కిలో చేపకు ముప్పావు కిలో కూడా మిగలకపోవచ్చు. రొయ్యలైతే తల, పొట్టు తీసినంక సగానికి వస్తయి. రామ్‌నగర్, బేగంబజార్ మార్కెట్లకు పోయినా, మన ఊరి సంతల కొన్నా ఇదే లెక్క. కోసేటప్పుడు అక్కడే నిలబడాలె. తల మనది, అడిగి తీసుకోవాలె. కొర్రమీను మన రాష్ట్ర చేప, దానికి పొలుసు ఉంటది. పొలుసు లేకుండ, మూతికి పొడుగు మీసాలు ఉంటే అది క్యాట్‌ఫిష్. దేశంల పెంచొద్దని నిషేధం ఉన్న ఆఫ్రికా క్యాట్‌ఫిష్ కూడా అట్లనే ఉంటది. ముక్కలు కోసి మసాలా పట్టించినంక ఏది ఏదో ఎవరికీ ఎరుక పడదు. అందుకే చేప నిండుగ ఉన్నప్పుడే చూడాలె.

కూసొని తినే చోట నాలుగు ముచ్చట్లు ముందే తేల్చుకోవాలె. ధర పచ్చి చేపకా, వేయించిన చేపకా? కిలోకా, ప్లేటుకా? వండిన కూలి, మసాలా అందులనే ఉన్నయా? తూకం మన ముందట వేస్తరా? బిల్లు వచ్చినంక చదివి కట్టాలె. బిల్లు మీద జీఎస్టీ నంబరు లేకుంటే జీఎస్టీ అడిగే హక్కు లేదు. సర్వీస్ ఛార్జి మన ఇష్టం. అడగకుండ బిల్లుల కలపొద్దని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్లోళ్లు కోర్టుకు పోతే, ఆ మార్గదర్శకాలు సరైనవే అని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న చెప్పింది. తీసెయ్యమంటే తీసెయ్యాలె. తీయకుంటే బిల్లు ఫోటో తీసుకొని 1915కు ఫోన్ చేయొచ్చు.

ఇది చేపలు పట్టేటోళ్ల మీద కోపంతోని రాస్తలేను. చెరువుల దిగి వల లాగే ముదిరాజులు, గంగపుత్రులు కూడా మన లెక్కనే మధ్యల దళారికి ఎంతకో అంతకు అప్పజెప్పి వస్తున్నరు. చెరువు పట్టే రోజు మన ఊరి మత్స్య సంఘం దగ్గరనే కొంటే వాళ్లకు రూపాయి ఎక్కువ, మనకు తాజా చేప. అక్కడ ఐదు పది రూపాయలకు బేరం చేయకండ్రి. ఎండకు కూసొని కూరగాయలు అమ్మే మనకు, ఆ బేరం ఎంత నొప్పి ఉంటదో తెలుసు.

ఈ మృగశిరకు మళ్ల బిడ్డ, అల్లుడు వస్తున్నరు. ఈసారి అల్లుణ్ని కూడా కాంట దాకా తీసుకపోత. సంచిల ఉప్పు ప్యాకెట్ ఉంటది. మీరు కూడా పెట్టుకోండ్రి.