కోరంగి వెళ్లేవారు ఊరు కూడా చూడాలి

సెలవు వచ్చిందంటే కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డు మీద జనం కోరంగి మడ అడవికి బయలుదేరుతారు. వనశాఖ వేసిన చెక్క బాట మీద నడుస్తారు. పోటు అనుకూలిస్తే పడవ ఎక్కుతారు. ఫొటోలు తీసుకుని, తెచ్చుకున్న పులిహోర తిని తిరుగుముఖం పడతారు. కోరంగి గ్రామంలో అడుగు పెట్టేవారు మాత్రం అరుదు. ఇది విచారించవలసిన విషయం.

ఈ ఊరు ఒకప్పుడు కోరమండల్ తీరంలో పేరుమోసిన రేవు. ఇక్కడ చెక్క ఓడలు కట్టేవారు, దెబ్బతిన్న వాటిని బాగు చేసేవారు. దగ్గరలోని ఇంజరంలో ఇంగ్లీషువారు, యానాంలో ఫ్రెంచివారు బట్టల వ్యాపారం సాగించారు. పొట్ట చేతబట్టుకుని రంగూన్ వెళ్లిన తెలుగువారిని, ఏ ఊరివారైనా సరే, బర్మాలో ‘కోరంగీలు’ అనే పిలిచారు. ఒక రేవు పేరు పరదేశంలో మనందరి పేరయింది!

ఆ రేవును సముద్రమే కబళించింది. 1789 డిసెంబరులో మూడు ఉప్పెన కెరటాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఊరిని ముంచాయి. ఇరవై వేలమంది చనిపోయారని చెబుతారు. తుపానుకు ఇంగ్లీషులో ‘సైక్లోన్’ అని పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టన్ ఈ కోరంగి ఉత్పాతాన్ని గురించి రాశాడు. 1839 నవంబరు 25న మరో ఉప్పెన. అందులో మూడు లక్షలమంది పోయారని పుస్తకాల్లో కనిపించే లెక్క అతిశయోక్తి అనే మా అభిప్రాయం. తరువాత నది మేట వేసి పెద్ద ఓడలు రావడం తగ్గింది. 1860లలో అమెరికా అంతర్యుద్ధం వల్ల మన పత్తికి గిరాకీ పెరిగినప్పుడు ఆ వ్యాపారం కాకినాడకు దక్కింది. కోరంగి మామూలు పల్లెగా మిగిలింది.

ఈ కథ తెలిసినవారికి మడ అడవి వేరుగా కనిపిస్తుంది. తెల్లమడ, నల్లమడ, తిల్ల చెట్లు ఉప్పునీటిలో, గాలి చొరని బురదలో బతుకుతాయి. మడ చెట్ల వేళ్లు మేకుల్లా పైకి పొడుచుకువచ్చి గాలి పీలుస్తాయి. ఉప్పెన వచ్చినప్పుడు దాని ఉరవడిని కొంతైనా విరిచేది ఈ చెట్లే. రొయ్య పిల్లలు, మండపీతలు, పండుగప్ప పిల్లలు ఆ వేళ్ల చాటునే పెరుగుతాయి. సముద్రంలో వల వేసేవాడికి చేప పడాలంటే ఒడ్డున మడ ఉండాలి. బావురు పిల్లులకు, నీటికుక్కలకు కూడా ఇదే ఇల్లు. (తిల్ల కొమ్మ విరిస్తే కారే పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పిల్లలను తీసుకువెళ్లేవారు జాగ్రత్త!)

1978లో ప్రభుత్వం ఇక్కడ 235 చదరపు కిలోమీటర్లకు పైగా అభయారణ్యంగా ప్రకటించింది. మంచి పనే. కాని తాతల నాటి నుంచి మడ కట్టెతో పొయ్యి వెలిగించుకున్న మత్స్యకారులపై ఆంక్షలు వచ్చాయి. అడవి కోసం వారు వదులుకున్నారు, మనం చూసి ఆనందిస్తున్నాం. ఆ ఆనందంలో వారికి దక్కే వాటా ఎంత? పడవ నడపడంలో, అడవిని చూపించి వివరించడంలో ఆ గ్రామాల యువకులకే మొదటి అవకాశం ఇవ్వాలి. ఆటుపోట్లు, పాయల లోతుపాతులు వారికి తెలిసినంతగా మరెవరికి తెలుస్తాయి?

సందర్శకులూ తమవంతు చేయాలి. విసిరేసిన ప్లాస్టిక్ సంచి మడ వేళ్లకు చుట్టుకుంటే చెట్టుకు ఊపిరాడదు. చొల్లంగి అమావాస్య స్నానాలకు మన పల్లెల నుంచి వేలాదిగా వెళతారు. అది తరతరాల ఆచారం. ఆ రోజు చెత్త వేయడానికి తొట్లు, మరునాడే ఎత్తివేయడానికి మనుషులు ఉండేలా పంచాయతీలు, వనశాఖ ముందుగానే కూర్చుని మాట్లాడుకోవాలి. పడవ రేవు దగ్గర ఆ రోజు పోటు వేళలను పెద్ద అక్షరాలతో రాసి పెడితే దూరం నుంచి వచ్చినవారు గంటల తరబడి ఎదురుచూడనక్కర లేదు.

కోరంగి ఊరి మొదట్లో, 1789లో, 1839లో ఏమి జరిగిందో నాలుగు ముక్కలు తెలుగులో చెక్కిన రాయి ఒకటి నిలపాలి. తాళ్లరేవు మండలంలోని బడిపిల్లలను ఏడాదికోసారి అక్కడికి నడిపించి, ఆ తరువాతే అడవిలోకి తీసుకువెళ్లాలని ఉపాధ్యాయులను కోరుతున్నాము.