తువ్వాలు కింద ఆరేసే బట్ట

మా పెరట్లో బట్టలారేసే తీగ ఉంది. మా ఆయన బనియన్లు, లుంగీలు, పిల్లాడి నిక్కర్లు దర్జాగా గాలికి ఊగుతుంటాయి. నా బ్రాలు మాత్రం తువ్వాలు కింద దాక్కుని ఆరతాయి. అలా ఆరేయమని నాకెవరూ చెప్పలేదు. మా అమ్మ అలాగే ఆరేసేది, నేనూ అంతే. మీలో చాలామందీ అంతే అనుకుంటా. మొన్న ఎండాకాలంలో జరిగిన సంగతి తర్వాత ఆ అలవాటు మీద నాకు కోపం వచ్చింది.

మా ఆడపడుచు కూతురు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తుంది. మే నెలలో ఫోన్ చేసి "అత్తమ్మా, రెండు వారాలు మరిపెడ వచ్చి మీ దగ్గరుంటా. అమ్మకు మాత్రం చెప్పకు" అంది. ఏం ముంచుకొచ్చిందో అని నా గుండె ఝల్లుమంది. వచ్చాక చెప్పింది. రొమ్ముల సైజు పెంచే ఆపరేషన్ చేయించుకుందట. లోపల సిలికాన్ ఇంప్లాంట్లు పెట్టారు. ఖర్చంతా తన జీతం డబ్బులే.

నిజం చెప్తున్నా, నాకు నచ్చలేదు. "నీకేం తక్కువైందే" అని నోటి దాకా వచ్చింది. కానీ ఆ పిల్ల పదో తరగతిలో ఉన్నప్పుడు, ఒక పెళ్లిలో చుట్టాలంతా కూర్చుని "ఏందే, పలకలెక్క ఉన్నవ్" అని నవ్వింది నాకు గుర్తొచ్చింది. ఆ రోజు నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు నీతులు చెప్పే హక్కు నాకెక్కడిది? నోరు మూసుకుని పక్క వేసిచ్చాను.

ఆపరేషన్ అయిన తొమ్మిదో రోజు పిల్ల ముఖం వాడిపోయింది. ఏమైందంటే చెప్పదు. చివరికి బాత్రూంలోకి పిలిచి చూపించింది. ఆస్పత్రిలో ఇచ్చిన బ్రా ఒక్కటే ఉంది. అది ఉతికి, నా పద్ధతిలోనే, తువ్వాలు కింద ఆరేసింది. సాయంత్రానికీ తడి ఆరలేదు. ఎవరినీ అడగలేక తన పాత వైర్ బ్రా వేసుకుంది. ఆ వైరు సరిగ్గా రొమ్ము కింద మడత దగ్గర, కుట్లు ఉన్న చోటే నొక్కింది. ఎర్రగా గాడి పడింది.

ఆ రోజు మా తోటికోడలు మా ఇంట్లోనే ఉంది. నాలుగేళ్ల కింద ఆమెకు రొమ్ము క్యాన్సర్ వచ్చి, ఎడమ వైపు తీసేశారు. చూడగానే "ముందు అది విప్పెయ్ బిడ్డా. డాక్టర్‌కు ఫోన్ చెయ్" అంది. ఫోటో పంపితే డాక్టరమ్మ చూసి, కుట్లు బాగానే ఉన్నాయి, వైరు జోలికి మాత్రం పోవద్దు అంది. మా ప్రాణాలు కుదుటపడ్డాయి.

ఆ రాత్రి మా అక్క (తోటికోడల్ని నేను అక్కా అనే పిలుస్తా) చెప్పిన మాటకు నాకు నిద్ర పట్టలేదు. నాలుగేళ్లుగా పాత బ్రాలో చీర పేలికలు కుక్కుకుని తిరుగుతోందట. అవి జారిపోతాయని పెళ్లిళ్లకు పోవడం మానేసిందట. ఒక వైపు బరువు లేక భుజం వంగి మెడనొప్పి. ఇన్నాళ్లూ మేమంతా అది వయసు నొప్పి అనుకున్నాం. ఆస్పత్రి వాళ్లు చీటీలో మందులన్నీ రాశారు, బ్రా సంగతి ఎవరూ చెప్పలేదు. ఆమె అడగలేదు. ఒకే ఇంటి కోడలిని, నేనూ అడగలేదు.

ఒకరిని చూసి జాలిపడ్డాం, ఇంకొకరిని చూసి ముఖం చిట్లించాం. కానీ ఇద్దరికీ కావలసింది దాదాపు ఒకే బట్ట. ఇద్దరికీ దొరకనిదీ అదే.

మర్నాడు నేనే బజారుకు పోయాను. దుకాణాయన "సైజెంత?" అన్నాడు. "ముందు హుక్కులుండాలె, వైరు ఉండొద్దు, ఆపరేషన్ అయింది" అన్నాను. ఆయన తల దించుకుని, ఒక 36 తీసి, పాత పేపర్లో చుట్టి చేతిలో పెట్టాడు. పెద్దదైతే చాలు అనుకున్నాడు పాపం. ఆయన తప్పేముంది? ఇన్నేళ్లలో మనలో ఒక్కరమైనా నోరు తెరిచి సరిగ్గా అడిగామా?

అందుకే డాక్టరమ్మను అడిగి తెలుసుకున్నవి, మేం పడి నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నా.

ముందు సైజు సంగతి. బ్రా మీద ఉండే అంకె రొమ్ముల కింద ఛాతీ చుట్టుకొలతను బట్టి ఉంటుంది. పక్కన ఉండే అక్షరం రొమ్ముల మీది కొలతకూ కింది కొలతకూ ఉన్న తేడాను బట్టి ఉంటుంది. ఇంప్లాంట్ పెడితే పెరిగేది రొమ్ము, ఎముకల గూడు కాదు. కాబట్టి మారాల్సింది అక్షరం. 32 వేసుకునే పిల్లకు 36 ఇస్తే కింద పట్టీ వదులై పైకి ఎగబాకుతుంది. బరువు మోసేది ముఖ్యంగా ఆ పట్టీయే. అది వదులైతే భారమంతా భుజాల మీద పడుతుంది. ఇంప్లాంట్లను సీసీల్లో కొలుస్తారు. ఇన్ని సీసీలకు ఈ అక్షరం అని లెక్క ఉండదు, టేపుతో కొలుచుకోవాల్సిందే.

రెండోది ఎలాంటిది కొనాలని. ముందు వైపు తెరిచేది కావాలి, ఎందుకంటే మొదట్లో చేతులు పైకెత్తడం, వెనక్కి తిప్పడం కష్టం. మెత్తని బట్ట, వెడల్పు పట్టీలు, కుట్ల మీద ఒరుసుకునే లేసులు, మందపాటి అతుకులు లేనిది చూడాలి. వైరు, పైకి నెట్టే పుషప్ రకం వద్దు. చాలామంది సర్జన్లు దాదాపు ఆరు వారాలు వైరు వద్దంటారు. కొందరు ఇంకా ఎక్కువ రోజులు చెప్తారు. రాత్రి కూడా వేసుకోమనేవాళ్లే ఎక్కువ. కొందరు పైన అడ్డంగా ఇంకో పట్టీ కట్టిస్తారు, కొందరు వద్దంటారు. అందుకే స్నేహితురాలికి చెప్పింది మనకు వర్తించదు. మీ డాక్టర్ చెప్పిందే మీకు లెక్క.

మూడోది, బిగుతుగా ఉంటేనే ఆసరా అనుకోవద్దు. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. ఊపిరి ఆడకపోయినా, లోతుగా గాళ్లు పడినా అది మీ సైజు కాదు.

నాలుగోది, ఒకేసారి అరడజను కొనకండి. వాపు తగ్గి రొమ్ము తన ఆకారానికి రావడానికి కొన్ని నెలలు పడుతుంది. ఇప్పటికి మూడు చాలు. ఒకటి ఒంటి మీద, ఒకటి ఉతుకులో, ఒకటి బీరువాలో. మన ఎండల్లో చెమటకు రోజూ మార్చాల్సిందే. అందాల లేసు బ్రాలు డాక్టర్ సరే అన్నాక, మళ్లీ కొలుచుకుని కొనుక్కోవచ్చు.

ఒక వైపే ఉన్నట్టుండి వాచినా, ఎర్రబడి వేడిగా ఉన్నా, జ్వరం వచ్చినా, కుట్ల నుంచి చీము కారినా బ్రా మార్చి చూద్దాం అని కూర్చోవద్దు. వెంటనే డాక్టర్ దగ్గరికి పోవాలి.

ఇంప్లాంట్ కార్డు కూడా భద్రంగా దాచుకోవాలి. మొదటిసారి సిలికాన్ ఇంప్లాంట్లు పెట్టింది 1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో, టిమ్మీ జీన్ లిండ్సే అనే ఆమెకు. ఇన్నేళ్ల తర్వాత కూడా, 2019లో అలెర్గాన్ కంపెనీ గరుకు పైపొర ఉన్న ఒక రకం ఇంప్లాంట్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. వాటి వల్ల అరుదైన ఒక రకం క్యాన్సర్ వస్తున్నట్టు తేలింది. మనకు పెట్టింది ఏ రకమో కార్డు చూస్తేనే తెలుస్తుంది. పైగా ఇంప్లాంట్లు జీవితాంతం ఉండేవి కావు, ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సి రావచ్చు. ముందు ముందు మామోగ్రాం తీయించుకుంటే, ఇంప్లాంట్లు ఉన్నాయని తీసేవాళ్లకు ముందే చెప్పాలి.

మా అక్కకు కావలసిన బ్రా కొంచెం వేరు. లోపల జేబు ఉంటుంది, అందులో తీసేసిన రొమ్ముకు బదులు మెత్తని ఫారం పెట్టుకోవాలి. గాయం పూర్తిగా మానితే సిలికాన్‌ది, రెండో వైపు బరువుకు సరిపోయేది దొరుకుతుంది. ఇద్దరివీ కొలతలు నేనే తీసి ఆన్‌లైన్‌లో తెప్పించాను. అది పెట్టుకుని అక్క అద్దం ముందు నిలబడి చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "భుజాలు సమంగ ఉన్నయా?" అని అడిగింది.

ఆపరేషన్ ఎందుకు చేయించుకున్నారన్నది వాళ్ల ఇష్టం, వాళ్ల అవసరం. అయ్యాక మానాల్సిన గాయం మాత్రం ఎవరిదైనా గాయమే. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లను "పట్టీ సరిగ్గా ఉందా?" అని ఇంటిల్లిపాదీ అడుగుతాం. రొమ్ము ఆపరేషన్ అయినవాళ్లను మాత్రం అడగం. ఇంట్లో ఒక్క ఆడమనిషైనా "బ్రా సరిపోతోందా? ఎన్ని ఉన్నయ్?" అని అడగాలి. ఆ మాట ఆస్పత్రిలో వాళ్లు చెప్పకపోతే మనమే అడగాలి.

పిల్ల హైదరాబాద్ వెళ్లిపోయింది. వెళ్లేముందు తనే వాళ్లమ్మకు చెప్పుకుంది. రెండు రోజులు ఏడుపులు, అలకలు అయ్యాయి. మూడో రోజు ఆడపడుచు నాకు ఫోన్ చేసి "వదినా, ఆ ముందు హుక్కులవి ఎక్కడ తెప్పించినవ్? ఇంకో రెండు పంపిస్త" అంది.

ఇప్పుడు మా తీగ మీద నా బ్రాలు ఎండలోనే ఆరుతున్నాయి. మొదటి రోజు మా ఆయన చూసి ఏదో అనబోయి ఊరుకున్నాడు. తువ్వాలు పక్కన వేరే ఆరుతోంది.